జీతం లేని ప్రయాణం

కోనసీమలోని ముస్లిం ఇళ్లకు విదేశ ప్రయాణం కొత్త సంగతి కాదు. రాజోలు, మలికిపురం, అమలాపురం ప్రాంతాల్లో కువైట్, మస్కట్, దుబాయి పేర్లు పక్క ఊరి పేర్లలాగే వినబడతాయి. గల్ఫ్‌కు మనిషిని ఎలా సాగనంపాలో మా వీధిలో పదేళ్ల పిల్లను అడిగినా చెబుతుంది. ఏ పచ్చడి ఎన్నాళ్లు నిలువ ఉంటుందో, సీసా మూతకు ఎన్ని చుట్లు టేపు వేయాలో, తొలి డబ్బు ఏ నెలలో ఇంటికి చేరుతుందో అందరికీ తెలుసు. ఈ విద్యలో మేమూ ఆరితేరినవారమే. అయితే ఈ సెప్టెంబరులో మా అమ్మాయి, ఇన్షా అల్లాహ్, ఐదు నెలల కోసం పారిస్ నగరానికి వెళ్లవలసి ఉన్నది. సంపాదనకు కాదు, చిత్రకళలో ఒక సెమిస్టర్ చదువుకు. ఆ మాట చెప్పగానే బంధువులందరూ అడిగిన తొలి ప్రశ్న ఒక్కటే: "జీతం ఎంత?" జీతం లేదు, పైగా మనమే ఖర్చు పెట్టుకోవాలని చెప్పేసరికి ఆ ముఖాల్లో కనిపించిన జాలిని మేము ఇంతవరకు మరచిపోలేదు.

ఈ ఏర్పాటు ఏమిటో మాకే నెలరోజులకు గానీ పూర్తిగా బోధపడలేదు. అమ్మాయి ఇక్కడి విద్యాలయంలోనే విద్యార్థినిగా ఉంటుంది, ఫీజు ఇక్కడే కడుతుంది. అక్కడి విద్యాలయం వేరుగా బోధన రుసుము తీసుకోదు. బదులుగా అక్కడి విద్యార్థులు ఇక్కడికి వచ్చి చదువుకుంటారు. ఐరోపాలో ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు. అక్కడ చదివిన పాఠాలను ఇక్కడి పాఠాల కింద జమ చేసేలా ముందుగానే ఒక ఒప్పంద పత్రం రాసుకుంటారు. దాని మీద అమ్మాయితోపాటు రెండు విద్యాలయాలవారూ సంతకం చేయాలి. పెళ్లి కాగితంలో మెహర్ లాగ, ఇందులో రాసిందే తరువాత చెల్లుతుందని అమ్మాయి మాకు వివరించింది. ఆ పోలికకు మేము నవ్వుకున్నాము గానీ, అది తప్పు పోలిక కాదు.

ఆమె చదువుతున్నది ముద్రణ కళ. రాగి లేదా జింకు పలక మీద గీతలు చెక్కి, ఆ పలకకు సిరా పట్టించి, తడిపిన కాగితం మీద బలంగా ఒత్తి అచ్చు తీయడం. ఆమెకు అక్కడ చోటు దొరకడానికి కారణమైన పని మాత్రం మా ఇంటి అరుగు మీద పుట్టినది. వశిష్ఠ గోదావరికి ఇవతల మేము, అవతల నర్సాపురం. అక్కడి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చినదని చెబుతారు. ఇరు ఒడ్డుల స్త్రీలకూ అది చేతిపని అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అమ్మాయి నానీ నలభై ఏళ్లు నర్సాపురం ఏజెంటు ఇచ్చిన నూలుతో లేసు అల్లింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో ఈ స్త్రీల గురించి ఒక పుస్తకం ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు అల్లి సరుకు విదేశాలకు పంపే ఈ స్త్రీలను లోకం పనివారిగా లెక్కించలేదని, ఇంట్లో తీరిక వేళ గడుపుకునే గృహిణులుగానే చూసిందని అందులో నిరూపించింది. మా నానీకి ఆ పుస్తకం సంగతి చెబితే, "ఇది చెప్పడానికి అంత దూరం నుంచి రావాలా?" అన్నది.

ఆ లేసునే అమ్మాయి పలక మీద పరిచింది. పలకకు మైనమూ కొవ్వూ కలిపిన మెత్తటి పూత పూస్తారు. దాని మీద లేసు పెట్టి, పైన కాగితం కప్పి యంత్రంలో ఒత్తుతారు. దారం తగిలిన చోట పూత దారానికి అంటుకొని లేచిపోతుంది. ఆ పలకను ఆమ్లంలో ఉంచితే పూత లేని చోట మాత్రమే లోహం తినబడి గుంట పడుతుంది. సిరా ఆ గుంటల్లో నిలుస్తుంది. అచ్చు తీసిన కాగితం మీద నానీ వేసిన ప్రతి ముడీ, ఎక్కడ చెయ్యి వణికిందో అదీ కనిపిస్తుంది. అలాంటి అచ్చులు పద్దెనిమిది, వాటి గురించి ఒక పేజీ వివరణ. దరఖాస్తుతో పంపిన పనుల సంచిక అంతే.

పాఠకులు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారని మాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనే ముందుగా అడిగాము. చిత్రకళ మనకు తగునా? ప్రాణుల రూపాలు చిత్రించే విషయంలో ప్రవక్త (స) హెచ్చరికలు తీవ్రమైనవి. తన జీవనోపాధి చిత్రలేఖనమేనని చెప్పుకొన్న ఒక మనిషికి ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేని వాటిని చిత్రించుకొమ్మని దారి చూపిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉన్నది. అక్కడి విద్యాలయం పంపిన పాఠాల జాబితాలో మనిషిని ఎదుట నిలబెట్టి, ఒంటి మీద బట్ట లేకుండా చూసి గీసే తరగతి ఒకటి ఉన్నది. పశ్చిమ దేశాల కళాశాలల్లో అది పాత సంప్రదాయమే. మేము ఏమీ అనకముందే అమ్మాయి దానిని పక్కన పెట్టి, ముద్రణ, కాగితం తయారీ, వస్త్రకళ చరిత్ర ఎంచుకొన్నది. "అది తీసుకోను అని ఉత్తరం రాస్తే కారణం అడుగుతారా?" అని మేము భయపడ్డాము. ఆమె రెండు వాక్యాల్లో కారణం రాసింది, వారు ఒక వాక్యంలో సరే అన్నారు. మేము చాలా రోజులు మోసిన బరువు అంత తేలికగా దిగిపోయినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

పారిస్ నగరానికి మన దేశం నుంచి ఈ పని మీద వెళ్లినవారు ముందే ఉన్నారు. చిత్తూరు జిల్లాలో ఒక పల్లెలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో, లండన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే గురువు నడిపిన ముద్రణశాలలో చేరాడు. ఒకే పలక మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న సిరాలు పూస్తే అవి ఒకదానితో ఒకటి కలవవనే గుణాన్ని పట్టుకొని, ఒక్క ఒత్తులో అనేక రంగులు అచ్చు వేసే పద్ధతిని అక్కడ రూపొందించినవారిలో ఆయన ఒకడు. మరొకరు సయ్యద్ హైదర్ రజా. మధ్యప్రదేశ్ అడవుల్లో అటవీశాఖ ఉద్యోగి కుమారుడు. 1950లో ఫ్రెంచి ప్రభుత్వ ఉపకార వేతనంతో పారిస్ వెళ్లాడు, వెళ్లకముందే బొంబాయిలో ఫ్రెంచి నేర్చుకొన్నాడు. మూడేళ్ల చదువుకని వెళ్లి దాదాపు అరవై ఏళ్లు ఉండిపోయాడు. చివరకు 2016లో మండ్లాలో తండ్రి సమాధి పక్కనే ఖననమయ్యాడు. ఈ కథ అమ్మాయి ఉత్సాహంగా చెబుతుంటే, అరవై ఏళ్లు అన్న మాట దగ్గర నానీ చేతిలో సూది ఆగిపోయింది. ఆ రాత్రి మాతో, "ఐదు నెలలే కదా?" అని రెండుసార్లు అడిగింది.

అమ్మాయికి ఫ్రెంచి వచ్చినదంటే ఎంతో రాదు, దారి అడగడానికి చాలినంత. అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా వెళ్లి ఎదుర్లంక వంతెన దాటితే యానాం. 1954 వరకు అక్కడ ఎగిరినది ఫ్రెంచి జెండా. గోదావరి పాయ ఇవతల ఇంగ్లీషు, అవతల ఫ్రెంచి. మధ్యలో తెలుగు మాట్లాడుతూ చేపలు పట్టుకొన్నవారు మనవారు. అంతకు ముందే మన మచిలీపట్నం కలంకారీ బట్ట ఫ్రాన్సులో ఎంత అమ్ముడుపోయిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో భారతీయ అద్దకపు బట్టలను ఆ ప్రభుత్వం నిషేధించింది. 1759 దాకా ఎత్తివేయలేదు. కలంకారీ అన్న పేరే పారసీకం. వస్త్రకళ చరిత్ర తరగతిలో ఈ సంగతి మాట్లాడాలని అమ్మాయి ఇప్పటినుంచే కాగితం మీద రాసుకొంటున్నది.

ఇక కాగితాలు. మన కోస్తా ముస్లింల పేర్ల బాధ మన పాఠకులకు చెప్పనక్కరలేదు. పదో తరగతి పత్రంలో ఇంటిపేరు "ఎస్‌కె." అని రెండక్షరాలు, ఆధార్‌లో "షేక్", పాస్‌పోర్టులో మరొక వర్ణక్రమం. ముగ్గురూ ఒక్కరేనని ప్రమాణ పత్రం రాయించి, చించినాడ వంతెన మీదుగా భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి రెండుసార్లు తిరిగాము. పిల్లలను బడిలో చేర్చే నాడే ఇంటిపేరు పూర్తిగా రాయించండి. పదిహేనేళ్ల తరువాత ఎంతో తిరుగుడు తప్పుతుంది.

పెద్ద చిక్కు డబ్బు. ఫ్రాన్సు వీసాకు విద్యార్థి దగ్గర నెలకు 615 యూరోల చొప్పున ఉన్నట్టు చూపాలి. ఐదు నెలలకు 3,075 యూరోలు, మన డబ్బులో మూడు లక్షలకు పైమాటే. విమానం, గది అద్దె వేరు. మాది కొబ్బరి వర్తకం. అంబాజీపేట మార్కెట్టు ధరను బట్టి ఒక నెల నిండుగా, మూడు నెలలు వెలితిగా ఉండే బ్యాంకు ఖాతా అది. విద్యా రుణం ఇస్తామని బ్యాంకువారు ముందుకు వచ్చారు. వడ్డీ లేని రుణం వారి దగ్గర ఉండదు, వడ్డీ ఉన్నది మేము తీసుకోము. ఇక్కడితో ప్రయాణం ఆగిందనే అనుకొన్నాము. అప్పుడు ఖాలమ్మ వచ్చింది. కువైట్‌లో పరాయి ఇళ్లలో పద్దెనిమిదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. తన పేర ఉన్న డబ్బులోనుంచి రెండున్నర లక్షలు ఖర్జె హసనాగా ఇస్తానన్నది. తిరిగి ఇచ్చే గడువు రాసుకొందామంటే, ఖుర్‌ఆన్ రాసుకొమ్మని చెప్పింది కనుక రాయండి అని, ఇద్దరు సాక్షులను కూడా తనే పిలిపించింది.

ఆ సాక్షుల ఎదుటే మహ్రమ్ ప్రస్తావన వచ్చింది. తోడు లేకుండా స్త్రీ దూర ప్రయాణం చేయరాదన్నది తాము చదువుకొన్న మాట అనీ, మార్గం సురక్షితమై నమ్మకమైన స్త్రీల తోడు ఉంటే కొందరు విద్వాంసులు అనుమతించారనీ ఇమాము సాబ్ రెండు పక్షాలూ దాచకుండా చెప్పారు. నిర్ణయం తల్లిదండ్రులదే అన్నారు. ఒక పెద్దాయన మాత్రం, "ఆడపిల్లను ఒంటరిగా పంపడమా?" అని గట్టిగా అన్నాడు. ఖాలమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. "భాయ్, నేను కువైట్ ఎక్కిన రోజు మీరే కదా రాజోలు బస్టాండుకు వచ్చి పెట్టె మోశారు? ఆ రోజు ఈ మాట అడగలేదు. గిన్నెలు కడగడానికి వెళితే అడగని మాట చదువుకు వెళితే ఎందుకు అడుగుతున్నారు?" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. పెద్దాయన తల వంచుకొన్నాడు. ఆయన అడిగినది ధర్మమైన ప్రశ్నే, అందులో సందేహం లేదు. ఆ ప్రశ్న మా వీధిలో పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా వచ్చిందన్నదే ఆమె బాధ. ఆ రాత్రి మేము చాలాసేపు మేలుకొని ఉన్నాము. ఇస్తిఖారా చేసుకొన్నాము. అదే విద్యాలయం నుంచి మరో ఇద్దరు అమ్మాయిలు వెళుతున్నారు. ముగ్గురూ ఒకే విమానంలో వెళ్లి ఒకే వసతిలో ఉండేలా ఏర్పాటు కుదిరాక ఒప్పుకొన్నాము. మా మనసు పూర్తిగా కుదుటపడిందని మాత్రం చెప్పము.

తలకప్పు విషయం కూడా ముందే విచారించాము. 2004 నాటి ఫ్రెంచి చట్టం ప్రభుత్వ బడి పిల్లలకు వర్తిస్తుంది, విశ్వవిద్యాలయ విద్యార్థులకు కాదు. 2010 నాటి చట్టం ముఖం కప్పుకోవడాన్ని నిషేధించింది. మా అమ్మాయి కప్పుకొనేది తల కనుక ఇబ్బంది లేదు. డిసెంబరులో అక్కడ ఎనిమిదిన్నర దాటాక గానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఐదుకే వెళ్లిపోతాడు. ఫజ్ర్ నమాజుకు అలారం అక్కరలేదు. జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ మూడూ తరగతి వేళల్లోనే పడతాయి. ముద్రణశాలలో సిరా చేతులతో వుజూ ఎలా అన్నది ఆమె ఇప్పుడే సాధన చేస్తున్నది, చేతితొడుగులు వేసుకొని పనిచేయడం ద్వారా. ఖిబ్లా ఇక్కడ మనకు పడమర, అక్కడ ఆగ్నేయం. ఈ మాట విని మా చిన్నవాడు గ్లోబు తెచ్చి దారం పెట్టి కొలిచాడు.

పచ్చళ్ల సంగతికి వస్తే మా గల్ఫ్ విద్య పనికిరాలేదు. ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు ఐరోపాకు తీసుకువెళ్లరాదు. కోడి పచ్చడి, నెయ్యి సీసా ఇంట్లోనే మిగిలాయి. చేపకూ రొయ్యకూ అభ్యంతరం లేదు కనుక రొయ్యల పచ్చడి వెళుతున్నది, మూతకు ఐదు చుట్ల టేపుతో.

వీసా కోసం హైదరాబాదులో వేలిముద్రలు ఇచ్చి వచ్చింది, పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. అక్కడి పలకల మీద ఒత్తడానికి నానీ పన్నెండు రకాల లేసు ముక్కలు అల్లుతున్నది. తొమ్మిది పూర్తయ్యాయి. పదోదానికి నర్సాపురం నూలు సరిపోలేదని నిన్న ఉదయం ఖాలమ్మను రేవు దాటించి పంపింది.