పెద్దమ్మ మాట వినిపించింది

తమ్ముళ్లారా,

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. గొప్ప సంగతులేమీ లేవు. ఒక పాత డీవీడీ గురించి రాస్తున్నాం.

మేము ఆదిలాబాద్‌లో సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఉండి పదో తరగతి చదివే రోజుల్లో, 2006లో, వార్షికోత్సవాన్ని వీడియో తీయించారు. ఆ రోజు మా వంట పెద్దమ్మను కూడా స్టేజీ ఎక్కించాం. మైకు పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. రెండు నిమిషాలు మాట్లాడి దిగిపోయింది. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఆ డీవీడీలో తప్ప ఇంకెక్కడా లేదు.

మొన్న దసరాకు నలుగురం కలిసి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుందామనుకున్నాం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మార్చి టీవీలో పెట్టాం. బొమ్మ బాగానే ఉంది. డప్పు దరువుకు మాత్రం ఇల్లు అదిరింది. తరువాత పెద్దమ్మ వచ్చింది. పెదవులు కదులుతున్నాయి, పిల్లల గోలలో మాట వినబడదు. సౌండు పెంచితే గోల కూడా పెరిగింది.

ఆడాసిటీ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'నార్మలైజ్' నొక్కాం. ఏమీ మారలేదు. అది మొత్తం రికార్డింగులో అన్నిటికన్నా పెద్ద చప్పుడును కొలతగా తీసుకుంటుంది. మా డప్పు దెబ్బ అప్పటికే పై అంచుకు తగులుతోంది. ఇక పెద్దమ్మ గొంతు పెరిగేదెలా?

చివరకు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు గుట్టు తెలిసింది. ఎడమ చెవిలో స్టేజీ మైకు, కుడి చెవిలో కెమెరా మైకు పట్టిన గోల. రెండూ వేరువేరుగానే ఉన్నాయి! ఆడాసిటీలో రెండు ట్రాకులను విడదీశాం. ఆ రెండు నిమిషాల వరకు కుడివైపు గోల తీసేసి, ఎడమవైపు గొంతును పెంచి, రెండు వైపులా అదే పెట్టాం. దరువు ఉన్నచోట సౌండు కొంచెం తగ్గించాం. పూర్తిగా తగ్గిస్తే అది డప్పే కాదు కదా!

కొనుక్కున్న సినిమా డీవీడీలలో సంగతి వేరు. వాటిలో చాలావరకు 5.1 డాల్బీ సౌండు ఉంటుంది, అంటే ఆరు దారులు. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు వెళతాయి. మన టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. అందుకే పాట మోగుతుంది, మాట నలుగుతుంది. ఇంట్లో చూసే కాపీకి స్టీరియో ఎంచుకుని, హ్యాండ్‌బ్రేక్‌లో 'డీఆర్‌సీ' కొద్దిగా పెంచితే పెద్ద చప్పుళ్లకు, చిన్న మాటలకు మధ్య తేడా తగ్గుతుంది. ముందు ఐదు నిమిషాల ముక్క మార్చి, టీవీలోనే విని చూసుకోవాలి.

మళ్లీ పెట్టాం. "అందరు తిన్నరా బిడ్డా?" అంది పెద్దమ్మ. స్టేజీ మీద ఆమె మొదట అడిగిన మాట అదేనని ఇన్నేళ్లకు తెలిసింది. నలుగురిలో ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మీ ఇళ్లలో పాత డిస్కులుంటే గీతలు పడకముందే మార్చుకోండి, అసలు డిస్కును పారేయకండి. సౌండు పెంచేముందు ఒకసారి రెండు చెవులతో వేరువేరుగా వినండి. ఒక పెన్‌డ్రైవ్ హాస్టల్‌కు ఇస్తున్నాం. ఆదివారం భోజనాలయ్యాక అందరూ కూర్చుని వినండి. పెద్దమ్మ అడిగినదానికి జవాబు చెప్పండి.