నొప్పి పోలేదు, పని ఆగలేదు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసే పని నాది. కొండకు వచ్చిన భక్తులు టోకెను, సగం బ్లేడు పట్టుకుని వచ్చి మా ముందు కూర్చుంటారు. మేము కొంచెం ఎత్తు మీద, వాళ్ళు కింద. జుట్టు తడిపి, ఎడమ చేత్తో తల వంచి పట్టుకుని, నడినెత్తి నుంచి కత్తి దించుతాం. వాళ్ళ తలతో పాటు మా నడుమూ వంగుతుంది, మెడా వంగుతుంది. చెవి వెనక గీసేటప్పుడు ఒళ్ళంతా ఒక పక్కకు మెలితిరుగుతుంది. ఒక తల అయ్యేసరికి ఇంకో తల. బ్రహ్మోత్సవాలప్పుడు కళ్ళెత్తి చూస్తే క్యూ కొస కనబడదు. మా ఇంటికి అన్నం పెట్టిన పని ఇది, స్వామి సన్నిధిలో దొరికిన పని. దీని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నడుం ఎందుకు చెడిందో చదివేవాళ్ళకు తెలియాలని ముందు ఇది చెప్పాను.

మొదట్లో నడుం పట్టేసిందనుకున్నాను. మా అత్త ఇసుక వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టేది. రెండు మూడు రోజులకు సర్దుకునేది, మళ్ళీ వచ్చేది. ఒక చలికాలం అది కాలికి దిగింది. నడుం కింద మొదలై పిర్రలోంచి, తొడ వెనక నుంచి, పిక్క దాకా జివ్వుమని లాగేది. పాదం అంచున తిమ్మిరి. షిఫ్టు అయ్యాక బస్సు మొదటి ఘాట్ రోడ్డులో కిందికి దిగుతుంది. 1944లో వేసిన దారి అది, అంతా మలుపులే. ప్రతి మలుపు దగ్గరా ఒళ్ళు పక్కకు ఒరిగేది, నొప్పి కాల్లోకి పొడుచుకుంటూ పోయేది. ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి అలిపిరి వచ్చేదాకా ఓర్చుకునేదాన్ని. ఇంటికొచ్చి స్టవ్వు ముందు ఒక కాలి మీదే నిలబడి వంట చేసేదాన్ని. రాత్రి ఏ పక్కకు తిరిగినా మెలకువే. నిద్ర లేని ఒంటికి తెల్లారేసరికి నొప్పి ఇంకా పెద్దదయ్యేది.

మందుల షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవడం మా ఊళ్ళో అందరూ చేసేదే. డైక్లోఫెనాక్ వేసుకుంటే షిఫ్టు గడిచేది. అది చాలని రోజు సూది వేయించుకునేదాన్ని. కొన్ని నెలలకు కడుపులో మంట మొదలైంది. ఒక రోజు విరేచనం తారులాగా నల్లగా అయింది, లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. ఆసుపత్రిలో చేర్చారు. గొట్టం వేసి చూసి, కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నారు. అక్కడి డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. ఈ రకం మాత్రలు వాపునూ నొప్పినీ తగ్గిస్తాయి, కానీ కడుపు గోడను కాపాడే పొరను కూడా పల్చన చేస్తాయి. మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీ పెంచుతాయి. నాలుగు రోజుల నొప్పికి మంచి మందే. నెలల తరబడి, ఎవరూ రక్తపరీక్ష చేసి చూడకుండా వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట షాపులో మాత్ర చేతిలో పెట్టేటప్పుడే ఎవరైనా చెప్పే ఏర్పాటు ఉంటే ఎంతమంది కడుపులు, కిడ్నీలు నిలబడేవో అని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత ఎమ్మారై తీయించారు. నడుం కింది పూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని ఒత్తుతోందని వచ్చింది. ఒకచోట ఆ ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, "ఈ వారంలోనే ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుంది" అన్నారు. ఇంకోచోట అదే ఫిల్ము చూసి, "ఈ వయసుకు ఇంత ఉండేదేనమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అని పంపించారు. ఇద్దరూ నన్ను మంచం మీద పడుకోబెట్టి కాలు ఎత్తి చూడలేదు. ఇంటికొస్తే మా ఆయన, "ఒకరు కొయ్యాలంటారు, ఒకరు ఏం లేదంటారు. ఇంతకీ నీకు నిజంగా ఎంత నొప్పి ఉండాది?" అని అడిగాడు. ఆయన మంచివాడే, అయోమయంలో అడిగాడు. కానీ ఆ రాత్రి నేను ఏడ్చినంతగా ఆ నొప్పికి ఎప్పుడూ ఏడవలేదు. కట్టు లేదు, వాపు లేదు, రక్తం లేదు. ఏం చూపించి నమ్మించాలి?

చిత్తూరు వైపు వాళ్ళకు ఏ పెద్ద జబ్బు వచ్చినా రాయవేలూరు (వేలూరు) ఆసుపత్రి గుర్తొస్తుంది. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. అక్కడికి పోయాను. దీర్ఘకాలపు నొప్పులను ప్రత్యేకంగా చూసేవాళ్ళలో చాలామంది మత్తు డాక్టర్లేనని అక్కడే తెలిసింది. నన్ను చూసిన డాక్టరు ముందు ఫిల్ము తీయలేదు. "సలుపా అమ్మా, పోటా, మంటా? కూర్చుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా?" అని అడిగాడు. కాలు తిన్నగా పైకెత్తి చూశాడు. బొటనవేలితో తన చేతిని నెట్టమన్నాడు. మూత్రం పట్టు తప్పుతోందా, కూర్చునే చోట స్పర్శ పోయిందా, పాదం జారిపోతోందా అని అడిగాడు. ఆ మూడింటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చేయకుండా పరుగెత్తి రావాలని, అప్పుడు ఆపరేషన్ అవసరం పడొచ్చని చెప్పాడు. నాకు అవి లేవు.

అప్పుడు ఫిల్ము చూసి అసలు సంగతి వివరించాడు. ఏ నొప్పీ లేని వాళ్ళకు తీసిన స్కానింగులన్నీ కలిపి 2015లో ఒక పరిశీలన అచ్చయింది. అందులో యాభై ఏళ్ళ వాళ్ళలో 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనబడింది. అంటే ఫిల్ములో ఉబ్బు కనబడినంత మాత్రాన భయపడక్కరలేదు, ఫిల్ములో చిన్నగా ఉంది కాబట్టి నొప్పి అబద్ధం అనడానికీ లేదు. ఆపరేషన్ గురించి కూడా దాచకుండా చెప్పాడు. నెదర్లాండ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన పరీక్షలో త్వరగా ఆపరేషన్ అయిన వాళ్ళకు కాలి నొప్పి త్వరగా తగ్గింది, కానీ ఏడాది తిరిగేసరికి ఆగి చూసిన వాళ్ళూ దాదాపు అంతే కోలుకున్నారు. నెలలు గడిచినా కాలి నొప్పి వదలని కొందరికి ఆపరేషన్ మేలు చేస్తుంది, ఆ దారి మూసుకోలేదు అన్నాడు. "నొప్పి మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలపు నొప్పి అంటాం. నరాలు, మెదడు ఆ నొప్పికి అలవాటు పడి చిన్నదానికే పెద్దగా స్పందిస్తాయి. అందుకే ఒక్క మందుతో పోదు" అన్నాడు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, మనిషి తనకు నొప్పి ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని రాసుకుందట. మా ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

నరాల నొప్పికి మొదట ప్రీగాబాలిన్ ఇచ్చారు. నాకు అది పడలేదు. ఒక పొద్దున ఏడాది బిడ్డను వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పుట్టు వెంట్రుకలు. పసిబిడ్డ మాడు ఎంత మెత్తగా ఉంటుందో మా పని చేసేవాళ్ళకు తెలుసు. కత్తి ఆనించబోతుంటే కళ్ళ ముందు మసక కమ్మింది. చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనున్న అక్కను పిలిచి ఆ బిడ్డను ఆమెకు అప్పగించి లేచిపోయాను. డాక్టరుకు ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కసారిగా మానెయ్యొద్దని, మెల్లగా తగ్గించి ఆపించాడు. ఇట్లా కాలికి దిగే నొప్పి మీద ఆస్ట్రేలియాలో 2017లో వచ్చిన పరీక్షలో ఆ మందు ఉత్త మాత్ర కంటే మెరుగ్గా పని చేయలేదని, తల తిరుగుడు మాత్రం ఎక్కువ చేసిందని కూడా చెప్పాడు. దాని బదులు అమిట్రిప్టిలిన్ తక్కువ మోతాదులో, రాత్రి మాత్రం వేసుకోమన్నాడు. ఎక్కువ మోతాదులో అది మనోవ్యాకులతకు ఇచ్చే మందని మా చెల్లెలు చదివి కంగారు పడింది. తక్కువ మోతాదులో అది నొప్పి కబుర్లు మోసే నరాలను నెమ్మదింపజేస్తుంది, నిద్ర ఇస్తుంది. నాకు నోరు ఎండిపోయేది, పొద్దున కాస్త మందంగా ఉండేది. కానీ చాలా కాలానికి కంటి నిండా నిద్రపోయాను.

ఆ తర్వాత ఎక్స్‌రేలో చూస్తూ వెన్నులో నరం పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. "ఇది నయం చేసేది కాదమ్మా. కొన్ని వారాలు వెసులుబాటు ఇస్తుంది. ఆ వారాల్లో మీరు ఒంటిని కదిలించడం మొదలుపెట్టాలి" అన్నారు. అట్లాగే జరిగింది. ఆ వెసులుబాటులో ఫిజియోథెరపీ మొదలైంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, నడుం పైకెత్తి ఆపాలి. చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి వీపును పైకి, కిందికి ఆడించాలి. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవాలి. ముందు కొద్దిసార్లే. బాగున్న రోజు ఎక్కువ చేయకూడదు, బాగలేని రోజు మానకూడదు. ఈ నియమం పాటించడమే అన్నిటికన్నా కష్టం. నొప్పి తగ్గిన రోజు ఇల్లంతా కడిగి, మర్నాడు మంచం పట్టే అలవాటు మా ఆడవాళ్ళందరిదీ.

ఫిజియో అమ్మాయి నన్ను కత్తి పట్టుకున్నట్టు కూర్చోబెట్టి చూసింది. తర్వాత నేను పని చేసే తీరు మారింది. ఇప్పుడు నేను మెలి తిరగను. "స్వామీ, కొంచెం ఇటు తిరగండి" అని భక్తుడినే తిప్పుతాను. ఒక తలకూ ఇంకో తలకూ మధ్య లేచి నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని ఒకసారి వెనక్కి వంగుతాను. ఇంతే మార్పు, కానీ షిఫ్టు చివర తేడా తెలుస్తుంది.

తిరుపతి ఆయుర్వేద ఆసుపత్రిలో కటివస్తి కూడా చేయించుకున్నాను. మినపపిండి ముద్దను నడుం మీద గుండ్రంగా గోడలా కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసి ఉంచుతారు. బిగుసుకున్న కండ వదులై, ఆ రోజు హాయిగా ఉంటుంది. కాలి లాగుడు దానితో పోలేదు. ఏ మందు వాడుతున్నానో అక్కడా చెప్పాను, రాయవేలూరులోనూ చెప్పాను. రెండు చోట్లా దాచకుండా చెప్పాలి. పేరు లేని పొడుల పొట్లాలు మాత్రం ముట్టుకోలేదు. అట్లాంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలున్నాయని డాక్టర్లు హెచ్చరించారు.

ట్రమడాల్ సంగతి కూడా చెప్పాలి. నొప్పి బాగా తగ్గిస్తుంది, అలవాటవుతుంది. అందుకే 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. నాలాంటి నడుం నొప్పికి ఏళ్ళ తరబడి వాడే మందు కాదన్నారు. కానీ క్యాన్సర్‌తో మా పెదనాన్న చివరి రోజుల్లో మార్ఫిన్ మాత్రతో ప్రశాంతంగా ఉండడం నేను చూశాను. అట్లాంటి రోగులకు ఆ మందు అందడం తేలిక చేయాలని 2014లో చట్టాన్ని సవరించారు. భయంతో ఆ మందు ఇవ్వకుండా ఒక మనిషిని అరుపులతో పోనివ్వడం పాపం.

ఇన్ని చోట్ల తిరిగాక నాకు అర్థమైంది ఒక్కటే. ఏ వైద్యమూ నాకు రూపాయి ఇవ్వలేదు. రాత్రి మాత్ర ఒక పావలా ఇచ్చింది, ఇంజెక్షన్ ఒక పావలా, వ్యాయామం ఒక పావలా, పని తీరు మార్చుకోవడం ఒక పావలా. నేను ఇప్పుడు ఆ చిల్లరతోనే బతుకుతున్నాను. కాలి లాగుడు చాలా వరకు పోయింది, నడుం నొప్పి ఉంది. నాకు మేలు మొదలైంది ఫిజియో అమ్మాయి, "నొప్పి పదికి ఎంతమ్మా?" అనడం ఆపి, "మీకేం చేయాలనుంది?" అని అడిగినప్పటి నుంచి. షిఫ్టు పూర్తి చేయాలని, రాత్రి నిద్రపోవాలని, మెట్లెక్కి కొండకు పోయే మొక్కు తీర్చుకోవాలని చెప్పాను. రోజూ కపిలతీర్థం వైపు కొంచెం కొంచెం నడక పెంచుకుని, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లూ కూర్చుంటూ లేస్తూ ఎక్కాను. మొక్కు నాకు ధైర్యం ఇచ్చింది. మెట్లెక్కే బలం మాత్రం ఆ నేల మీది వ్యాయామం ఇచ్చింది.

నొప్పితో ఉన్న వాళ్ళకు నా మాట. మూడు నెలలు దాటితే షాపు మాత్రలతో నెట్టుకురావద్దు. కడుపు, కిడ్నీ పరీక్షలు అడగండి. ఈ మందు ఎన్నాళ్ళు, ఎందుకు, నా పనికి అడ్డమా అని అడగండి. ఆపరేషన్ అంటే ఇంకో డాక్టరుకు చూపించండి. మూత్రం పట్టు తప్పినా, పాదం జారినా ఆ రాత్రే ఆసుపత్రికి పోండి. ఇంట్లో వాళ్ళు అడగాల్సింది నిజంగా నొప్పి ఉందా అని కాదు, నేనేం సాయం చేయాలి అని. ప్రభుత్వాన్ని అడిగేది కూడా ఉంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికొక రోజైనా నొప్పి క్లినిక్ నడపండి. మత్తు డాక్టరు, ఫిజియో, మనసు చూసే డాక్టరు ఒకే గదిలో కూర్చోవాలి. బట్టలుతికేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, మాలాంటి వాళ్ళు, వంగి పని చేసే ప్రతి ఒక్కరికీ రాయవేలూరు పోయే స్తోమత ఉండదు.