గడియ ఎటువైపు?

ఆర్.కె. పురంలో దేవుళ్లు కూడా వలస వచ్చినవారే. వాళ్ల గుమ్మాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. అదే నగరంలో ఇంకో చివర, ఇనుప తలుపుల వెనక గడిచిన ఏళ్ల లెక్క ఇంకా తేలలేదు.

దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురంలో చిరునామా అంటే అంకెలే. సెక్టారు నంబరు, బ్లాకు నంబరు, క్వార్టరు నంబరు. మనుషులు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. బదిలీ మీద వస్తారు, రిటైరైతే ఖాళీ చేసి వెళ్లిపోతారు. పక్కింటి పేరుపలక నాలుగేళ్లకోసారి మారుతుంది. సొంతం కాని ఊళ్లో, సొంతం కాని ఇంట్లో ఉండేవాళ్లకు ఇది నాది అని చెప్పుకోవడానికి మిగిలేవి భాష, వంట, దేవుడు. అందుకే ఇక్కడి సెక్టార్ల మధ్య దక్షిణ భారతం మొత్తం కనిపిస్తుంది.

సెక్టార్ 7లో చిన్న గుట్ట మీద మలై మందిర్ ఉంది. తమిళులు 1973లో ఇక్కడ స్వామినాథుడిని ప్రతిష్ఠించుకున్నారు. మెట్లెక్కి పైకి వెళితే నల్లరాతి గుడి, విభూతి వాసన, కింద హోరెత్తే ట్రాఫిక్. సెక్టార్ 2లో మలయాళీల అయ్యప్ప గుడి. రావు తులారాం మార్గ్ వైపు కన్నడిగుల ఢిల్లీ కర్ణాటక సంఘం. తెలుగువాళ్లు కాస్త దూరం కూడా వెళతారు. వెంకన్న దర్శనానికి గోల్ మార్కెట్ దగ్గరి టీటీడీ ఆలయానికి, పప్పన్నం మీద మనసైతే అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌కు.

ఈ గుళ్లలో, సంఘాల్లో గమనించదగ్గ సంగతి భక్తి ఒక్కటే కాదు. ఇవన్నీ కమిటీలు నడిపేవి. కమిటీ అన్నాక ఎన్నికలుంటాయి, జమాఖర్చులుంటాయి, సర్వసభ్య సమావేశంలో కేకలుంటాయి. ఢిల్లీలో రెండేళ్లున్న ఏ తెలుగువాడినడిగినా ప్రవాస సంఘాల తగాదాల గురించి గంటసేపు చెప్పగలడు. అలిగి వెళ్లిపోయినవాడు వచ్చే పండగకు మళ్లీ వరసలో నిలబడతాడు. ఎందుకు మానేశావని అడిగేవారుండరు, ప్రసాదం పెట్టనని అనేవారూ ఉండరు. నవ్వులాటగా కనిపించే ఈ స్వేచ్ఛ విలువ తెలియాలంటే నగరం రెండో చివరకు వెళ్లి చూడాలి.

ఆర్.కె. పురం పక్కనే ఉన్న భికాజీ కామా ప్లేస్‌లో పింక్ లైన్ మెట్రో ఎక్కితే మొదటి రెండు స్టేషన్లూ తెలుగువాళ్లకు తెలిసిన పేర్లే. మొదటిది సర్ ఎం. విశ్వేశ్వరయ్య మోతీబాగ్. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను మళ్లీ మునగకుండా చూసిన ఇంజనీరు ఆయన. రెండోది దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. ఎనిమిదేళ్లకే చేసిన పెళ్లిని ఊహ వచ్చాక కాదని బయటికి నడిచి, చదువుకుని, రాజ్యాంగ సభ దాకా వెళ్లిన రాజమండ్రి ఆడపడుచు ఆమె. అక్కడి నుంచి రాజౌరీ గార్డెన్, పంజాబీ బాగ్ దాటి నేతాజీ సుభాష్ ప్లేస్‌లో రెడ్ లైన్‌లోకి మారాలి. ఆ లైన్ చివరి స్టేషన్ రిఠాలా. విజయ్ విహార్ దానికి దగ్గరే.

ఇక్కడ సెక్టార్ల క్రమశిక్షణ లేదు. ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఒరుసుకునే ఇళ్లు, తలమీద కరెంటు తీగల చిక్కుముళ్లు. అలాంటి సందుల మధ్య లేచిన బహుళ అంతస్తుల భవనమే ‘ఆధ్యాత్మిక విశ్వవిద్యాలయ’. 2017 డిసెంబర్ దాకా దేశానికి దాని పేరే తెలియదు. ఒక స్వచ్ఛంద సంస్థ ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయడంతో ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ గీతా మిట్టల్, జస్టిస్ సి. హరిశంకర్‌ల ధర్మాసనం ఒక కమిటీని లోపలికి పంపింది. ఢిల్లీ మహిళా కమిషన్ అప్పటి అధ్యక్షురాలు స్వాతి మలివాల్, న్యాయవాదులు అందులో ఉన్నారు. ఒకదాని తర్వాత ఒకటి ఇనుప తలుపులు, వాటికి తాళాలు, వాటి వెనక 100 మందికి పైగా మహిళలు, బాలికలు. స్నానానికి కూడా చాటు లేని బతుకు. జంతువుల్లా ఉంచారన్నది కమిటీ మాట. కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. తర్వాతి రోజుల్లో దాదాపు 40 మంది బాలికలను బయటికి తెచ్చారు.

దీన్ని నడిపిన వీరేంద్ర దేవ్ దీక్షిత్ మూలాలు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కంపిల్‌లో ఉన్నాయి. ఒకప్పుడు బ్రహ్మకుమారీల బోధలను అనుసరించిన ఆయన తర్వాత విడిపోయి, శివుడు తన ద్వారానే పని చేస్తున్నాడని చెప్పుకుంటూ సొంత కూటమి కట్టుకున్నారు. తమకు ఆయనతో సంబంధం లేదని బ్రహ్మకుమారీలు స్పష్టం చేశారు. అత్యాచార ఆరోపణలు రావడం, సీబీఐ కేసులు నమోదు చేయడం జరిగేసరికి దీక్షిత్ జాడ లేదు. 2018లో ఆయన కోసం ఇంటర్‌పోల్ బ్లూ కార్నర్ నోటీసు వెలువడింది. ఆచూకీ చెప్పినవారికి సీబీఐ 5 లక్షల రూపాయలు ప్రకటించింది. యూజీసీ గుర్తింపు లేని సంస్థ ‘విశ్వవిద్యాలయ’ అని పేరెలా పెట్టుకుంటుందని హైకోర్టు నిలదీసి ఆ మాట వాడొద్దంది. బోర్డు మార్చడం తేలికే. లోపలున్నవారి మనసులో ఏముందో తేల్చడమే కష్టం.

తాళం కథలో సగమే. ఇలాంటి కూటముల నుంచి బయటపడినవారు ఏ దేశంలో, ఏ భాషలో గతాన్ని తలుచుకున్నా కథ మొదలయ్యేది తాళంతో కాదు, ఆదరణతో. ఇంట్లో ఎవరూ వినని బాధను అక్కడ ఎవరో కూర్చుని విన్నారు. వారానికో గంట సత్సంగం రోజూ అయింది. ఆ తర్వాత మెల్లగా బయటి సంగతులు తగ్గాయి. పత్రిక వద్దు, టీవీ వద్దు, చుట్టాలు మాయలో ఉన్నారు. జీతమో పొలమో ‘సమర్పణ’ అయింది. సందేహం వస్తే తప్పు బోధలో లేదు, నీ మనసులో ఉందన్నారు. అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ 1961లో ప్రచురించిన అధ్యయనంలో ఈ తీరును పాయింట్ల వారీగా రాశారు. ఆయన పరిశీలించింది మతాన్ని కాదు, చైనాలో రాజకీయ ఖైదీల ‘భావ సంస్కరణ’ను. పద్ధతికి దేవుడు తప్పనిసరి కాదన్నమాట.

రోహిణి ఆశ్రమం విషయంలో కుటుంబాలు చేసిన ఆరోపణలూ ఈ వరసలోనే ఉన్నాయి. భక్తులైన తల్లిదండ్రులే మొదట పిల్లల్ని తెచ్చి అప్పగించారు. తర్వాత చూడబోతే చూడనివ్వలేదు. గట్టిగా అడిగిన తల్లిదండ్రుల మీద కన్నబిడ్డల చేతే ఫిర్యాదులు రాయించారన్నది ఇంకో ఆరోపణ. అలాంటి తండ్రి పోలీసు స్టేషన్‌కు ఏ మొహంతో వెళతాడు? మాజీ సభ్యుల మౌనానికి భయం ఒక్కటే కారణం కాదు, సిగ్గు అంతకన్నా పెద్దది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది తామే అన్న బాధ తల్లిదండ్రులది. నమ్మింది నేనే కదా అన్న బాధ బిడ్డది.

ఈ కథలో తెలుగు అధ్యాయం కూడా ఉంది. విదేశంలో ఉన్నత చదువు చదివిన తమ కుమార్తె ఆ ఆశ్రమంలో ఉండిపోయిందంటూ ఒక తెలుగు జంట ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఆమె మైనర్ కాదు, అమాయకురాలూ కాదు. ఇష్టపూర్వకంగానే ఉంటున్నానని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో జస్టిస్ విపిన్ సాంఘీ, జస్టిస్ నవీన్ చావ్లాల ధర్మాసనం అక్కడి పరిస్థితుల మీద తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. సంస్థ వ్యవహారాల మీద నిఘాకు ఒక కమిటీ వేసి, దానికి మాజీ ఐపీఎస్ అధికారి కిరణ్ బేడీ పర్యవేక్షణ ఉండాలంది. కానీ వయోజనురాలిని బలవంతంగా ఇంటికి పంపే అధికారం ఏ కోర్టుకూ లేదు.

ఉండకూడదు కూడా. వయసొచ్చిన మనిషి ఎవరిని పెళ్లాడాలో, ఏ మతం పుచ్చుకోవాలో తల్లిదండ్రులు నిర్ణయించలేరని 2018లో హాదియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 అక్టోబర్‌లో కోయంబత్తూరు ఈశా కేంద్రంలో ఉంటున్న 42, 39 ఏళ్ల అక్కచెల్లెళ్ల విషయంలో తండ్రి వేసిన హెబియస్ కార్పస్‌నూ, వారు ఇష్టంతోనే ఉన్నారంటూ ముగించింది. ఆ సంస్థనూ రోహిణి ఆశ్రమాన్నీ ఒక గాటన కట్టలేం. చట్టం ముందున్న ప్రశ్న మాత్రం ఒకటే: సమ్మతిని కొలవడం ఎలా? కూతురు ప్రేమించి వెళ్లినా, సన్యసించి వెళ్లినా ఆమెకేం తెలుసనే సమాజం మనది. ఆ వాదనకు కోర్టు తలుపు తెరిస్తే ఆశ్రమాల కన్నా ముందు ఆడపిల్లల స్వేచ్ఛే పోతుంది.

కొన్ని దేశాలు నమ్మకాన్ని వదిలేసి, నమ్మించిన తీరును పట్టుకున్నాయి. ఫ్రాన్స్ 2001లో తెచ్చిన చట్టం ప్రకారం, మానసికంగా లొంగదీసుకుని ఆ బలహీనతతో ఎదుటివారికి నష్టం చేస్తే నేరం. జపాన్‌లో 2022 జూలైలో మాజీ ప్రధాని షింజో అబేను కాల్చి చంపిన వ్యక్తి, తన తల్లి యూనిఫికేషన్ చర్చికి ఆస్తంతా ధారపోసి ఇల్లు గుల్ల చేసిందన్న కక్షే కారణమన్నాడు. ఆ డిసెంబర్‌లోనే భయపెట్టి విరాళాలు గుంజడాన్ని అడ్డుకునే చట్టం వచ్చింది. 2025 మార్చిలో టోక్యో జిల్లా కోర్టు ఆ చర్చి రద్దుకు ఆదేశించింది. ఆ చర్చి వల్ల చితికిన కుటుంబాలు, వారి న్యాయవాదులు దశాబ్దాలుగా చెబుతున్నదే. వినిపించడానికి ఒక హత్య జరగాల్సి వచ్చింది. 1978లో గయానాలోని జోన్స్‌టౌన్‌లో 900 మందికి పైగా చనిపోకముందు కూడా మాజీ సభ్యులు, బంధువులు మొత్తుకున్నారు. వెళ్లి చూసొస్తానన్న అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో ర్యాన్ తిరిగి రాలేదు.

మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అక్రమ నిర్బంధం, మోసం, అత్యాచారం లాంటి సెక్షన్లే దిక్కు. అవి జరిగిన నేరాన్ని పట్టుకుంటాయి, పోయిన ఏళ్లను తెచ్చివ్వవు. పదిహేనేళ్లప్పుడు లోపలికి వెళ్లి ముప్పయ్యో ఏట బయటికొచ్చిన మనిషికి సర్టిఫికెట్లుండవు, బ్యాంకు ఖాతా ఉండదు, స్నేహితులుండరు. తిరిగి వచ్చిన ఇంట్లో తల్లిదండ్రుల స్థానంలో వదినెలుంటారు. ఆర్.కె. పురం బ్లాకుల్లోని ఏ ఆఫీసు దరఖాస్తులోనూ ఆ ఖాళీని నింపే గడి లేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ఇక్కడే మళ్లీ గుర్తొస్తుంది. వితంతువులు, భర్త వదిలేసిన ఆడవాళ్లు బయటికి వచ్చేస్తే చాలదని, తర్వాత నిలబడడానికి చదువూ పనీ కావాలని ఆమె గ్రహించారు. మద్రాసు ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ పరీక్షకు తయారు చేసింది అలాంటివారినే. ఇనుప తలుపులు దాటి వచ్చినవారికీ అదే కావాలి. నిందించని ఇల్లు, తక్కువ కాలంలో పూర్తయ్యే చదువు, ఏదో ఒక పని. పోలీసు దాడి ఒక రాత్రిలో ముగుస్తుంది, ఇది ఏళ్ల తరబడి పని.

ఇక లోపలికి వెళ్లబోయేవారి సంగతి. ఏది భక్తి, ఏది బందిఖానా అని తేల్చడానికి బోధలు చదవనక్కర్లేదు, గురువు జాతకమూ అక్కర్లేదు. మూడు ప్రశ్నలు చాలు. ఇక్కడ జమాఖర్చులు అడగొచ్చా? అమ్మకు ఒంటరిగా ఫోన్ చేసుకోవచ్చా? అలిగి వెళ్లిపోయి మళ్లీ పండక్కి రావొచ్చా? ఆర్.కె. పురం గుళ్లలో ఈ ప్రశ్నలు ఎవరికీ తోచవు. గడియ లోపలివైపు ఉన్నచోట దాని గురించి ఆలోచించేవారుండరు.