మరచిపోయిన చలిజ్వరం



మలేరియా అన్న మాట ఇటలీ భాషలో పుట్టింది. చెడుగాలి అని దాని అర్థం. రోజు విడిచి రోజు వచ్చే ఇటువంటి జ్వరాన్ని ఆయుర్వేదం తృతీయకమన్నది. పల్లెలవారు చలిజ్వరమన్నారు. దోషం గాలిది కాదు, దోమది అనడానికి తొలి ఆధారం 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే, ఒక దోమ కడుపులో, రోనాల్డ్ రాస్ కంటబడింది.

ఈ పాతకథ ఇప్పుడెందుకంటారా? అమెరికా 1951 నాటికే మలేరియాను తొలగించుకున్నది. అయినా 2003లో ఫ్లోరిడా రాష్ట్రంలో ఎనిమిదిమందికి అక్కడి దోమల వల్లనే ఈ జ్వరం సోకింది. ఇరవై ఏండ్ల తరువాత, 2023లో, మళ్ళీ అదే రాష్ట్రంలోని సరసోటా ప్రాంతంలో ఏడుగురికి వచ్చింది. టెక్సస్, అర్కాన్సా, మేరీలాండ్ రాష్ట్రాలలో ఒక్కొక్కరికి వచ్చింది. వీరెవరూ విదేశాలకు వెళ్ళి దీనిని తెచ్చుకున్నవారు కారు.

ఇందులో వింతేమీ లేదు. వ్యాధి పోయింది గాని అనాఫిలిస్ దోమ పోలేదు. మరొక దేశంలో జ్వరం సోకిన వ్యక్తి ఎవరో వస్తారు. ఆ దోమ వారిని కుడుతుంది. కొన్ని దినాలకు, దాని కడుపులోని సూక్ష్మజీవి పెరిగిన పిదప, పొరుగువారిని కుడుతుంది.

నేను కొంతకాలం మన్యప్రాంతపు బడిలో తెలుగు చెప్పాను. ఒక పిల్లవాడు ఎండలో కూర్చుని వణుకుతుంటే, పక్కనున్న చిన్నపిల్ల "చలిజ్వరమండీ, పంతులుగారూ" అనేది. ఆ పిల్లకు వైద్యం తెలియదు, ఆ వణుకు తెలుసు. వ్యాధి లేనిచోట ఆ ఎరుక కూడా ఉండదు. అక్కడి వైద్యుడు "ఏ దేశమైనా వెళ్ళివచ్చారా?" అని అడుగుతాడు. లేదనగానే మలేరియా తలపు తొలగిపోతుంది. అందుకే ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2023 జూన్ 26న వైద్యులను హెచ్చరించింది: కారణం తెలియని జ్వరమైతే, రోగి విదేశప్రయాణం చేయకపోయినా మలేరియాను తలచుకోండి అని.

మేరీలాండులో బయటపడినది ఫాల్సిపారం రకం. చికిత్స ఆలస్యమైతే ప్రాణాలు తీయగలది. మా అమ్మాయి కాపురం ఆ రాష్ట్రంలోనే. ఆ వార్త చదివిన రాత్రి ఫోను చేసి, "తల్లీ, ఊరు కదలకపోయినా సరే, జ్వరం విడవకుండా కాస్తే రక్తపరీక్ష చేయమని నీవే అడుగు" అన్నాను. "ఇక్కడ మలేరియా ఏమిటి నాన్నా!" అని నవ్వింది.

ఆ నవ్వే నన్ను భయపెట్టింది. మీ పిల్లలు అక్కడ ఉంటే, వారు నవ్వినా సరే, ఈ ఒక్కమాట చెవిని వేయండి.