తీగ ఊడినా మోగే బెల్లు

ఆర్డునో ఊనో బోర్డు మీద ఏ తీగా తగిలించని పిన్నుని ఒకసారి ఇన్‌పుట్‌గా పెట్టి చదివి చూడండి. సున్నా వస్తుందనుకుంటాం. రాదు. ఓసారి సున్నా, ఓసారి ఒకటి. చెయ్యి దగ్గరికి తెస్తే ఇంకోలా. దీన్ని ఫ్లోటింగ్ అంటారు. దేనికీ కలపని పిన్ను మౌనంగా ఉండదు, చుట్టూ ఉన్న కరెంటు గోలంతా పట్టుకుని ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది.

దాన్ని నిలకడగా ఉంచడానికి పుల్-అప్ రెసిస్టర్ ఉంది. ఊనో మీది ఏటీమెగా 328పీ చిప్‌లోనే 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఒకటి పెట్టారు, ప్రోగ్రాంలో ఒక్క మాట రాస్తే చాలు. అప్పుడు ఎవరూ ముట్టుకోకపోతే పిన్ను ఒకటి దగ్గర ఆగుతుంది. బటను రెండో కొసని గ్రౌండుకి కలిపితే, నొక్కినప్పుడు సున్నా వస్తుంది. మొదట్లో కాస్త తిరకాసుగా ఉంటుంది, అలవాటైపోతుంది.

ఇదంతా నాన్నమ్మ కోసం నేర్చుకున్నాను. పక్షవాతం వచ్చాక నాన్నమ్మకి మాట పోయింది, కుడి చెయ్యి పోయింది. ఎడమ చెయ్యి ఉంది గానీ వణుకుతుంది. కోఠీ గుజరాతీ గల్లీకెళ్ళి, వీడియో గేమ్ మిషన్లకి వాడే అరచేతిలో సగముండే బటను, ఒక బజరు, ఎల్‌ఈడీలు తెచ్చాను.

బటను ఒక్కసారే నొక్కినా లోపలి రేకులు కొన్ని మిల్లీ సెకన్లపాటు ఎగిరెగిరి తగులుతాయి. సెకనుకి 1.6 కోట్ల టిక్కులతో నడిచే చిప్పుకి అవన్నీ వేరువేరు నొక్కులే. ఆర్డునోతో వచ్చే డీబౌన్స్ ఉదాహరణలో 50 మిల్లీ సెకన్లు ఆగమని ఉంటుంది. అది రేకుల వణుకుకి సరిపోతుంది. నాన్నమ్మ చేతి వణుకుకి చాలదు. అందుకని ఒకసారి మోగాక మూడు సెకన్లపాటు ఇంకే నొక్కూ లెక్కలోకి తీసుకోవద్దని రాశాను.

బజరు వంటింట్లో ఉంది. అది మోగిందో లేదో నాన్నమ్మకి వినపడదు. అందుకే మంచం పక్కన ఒక ఎర్ర ఎల్‌ఈడీ, దాని ముందు 220 ఓమ్‌ల రెసిస్టర్. నొక్కగానే వెలుగుతుంది. వంటింట్లో ఎవరో ఒకరు రెండో బటను నొక్కితే గానీ ఆరదు. వెలిగితే పిలుపు అందినట్టు. ఆరితే మనిషి బయల్దేరినట్టు.

ఇక కనెక్టరు. జంపర్ వైర్లు బల్ల మీద ప్రయోగాలకి బాగుంటాయి, చీపురు తిరిగే ఇంట్లో నిలవవు. ఇలాంటి అవసరాల కోసం అమ్మే స్విచ్‌లు చాలావరకు 3.5 మిల్లీమీటర్ల జాక్‌తో వస్తాయి, మన పాత ఇయర్‌ఫోన్లకి ఉండేదే. నేనూ అదే పెట్టాను. ఎవరి కాలికైనా తగిలితే తెగిపోకుండా ఊడొస్తుంది.

ఊడొస్తే ఏమవుతుంది? పుల్-అప్ వల్ల పిన్ను ఒకటి చూపిస్తుంది. అంటే 'ఎవరూ నొక్కలేదు' అని. నాన్నమ్మ హాయిగా పడుకుని ఉన్నా, ఊడిన తీగతో బటను అదేపనిగా నొక్కుతున్నా, బోర్డుకి రెండూ ఒకటే.

'ఫోను రాలేదంటే అంతా బాగున్నట్టే' అని మా ఇంట్లో ఒక మాట. నేను హాస్టల్లో ఉన్న నాలుగేళ్ళూ రెండు వైపులా దాని మీదే నడిచాయి. ఆ బోర్డు ముందు కూర్చున్నాక ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది.

ఆ బటను కింద ఉండే మైక్రోస్విచ్‌కి మూడు కాళ్ళుంటాయి. ఒకటి ఉమ్మడిది. రెండోది నొక్కితే కలిసేది, మూడోది నొక్కితే విడిపోయేది. తీగని మూడోదానికి మార్చి, ప్రోగ్రాంలో ఒక్క షరతు తిరగేస్తే చాలు. ఇప్పుడు తీగ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపే నిశ్శబ్దం. నొక్కినా మోగుతుంది, ఊడినా మోగుతుంది. చాలా ఆస్పత్రుల్లో మంచం దగ్గరి బెల్లు తీగ పీకేసినా నర్సుకి పిలుపు వెళ్ళేది ఇందుకే.

మొన్నామధ్య మధ్యాహ్నం అన్నాలవేళ బజరు మోగింది. ఎంగిలి చేతులతోనే నలుగురం పరిగెత్తాం. జాక్ ఊడి మంచం కింద పడుంది, పిల్లి దానితో ఆడుకుంటోంది. నాన్నమ్మ కళ్ళు తెరిచి మా నలుగుర్నీ వరసగా చూసింది. కదిలే సగం మూతితోనే నవ్వింది.