కరవు సీమలో కార్ల కొండ

అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారిపై బయల్దేరితే దారికి రెండువైపులా వేరుశనగ చేలు, బండరాళ్ల గుట్టలే. పెనుకొండ దగ్గర, ఎర్రమంచిలో ఉన్నట్టుండి కియా కార్ల ఫ్యాక్టరీ! రోడ్డు పక్కన కొరియా భాషలో హోటళ్ల బోర్డులు కూడా కనిపిస్తాయి.

కొరియా కంపెనీయే. కానీ దాని చేతికి ఓనమాలు దిద్దించింది జపాన్‌ మాజ్దా. హిరోషిమాలో 1920లో బెండు బిరడాల కంపెనీగా పుట్టి, 1931లో మూడు చక్రాల బండ్లకు మళ్లిన సంస్థ అది. సైకిళ్లు చేసుకునే కియా, 1962లో మాజ్దా నమూనాతోనే మూడు చక్రాల బుల్లి ట్రక్కు తయారుచేసింది. 1974లో వచ్చిన బ్రిసా కారుకీ మాజ్దా ఫమీలియానే మూలం. 1997లో కియా దివాలా తీసింది. మరుసటేడాది హ్యుందాయ్‌ ఆదుకుంది. పోయిన పరువు మెల్లగా తిరిగొచ్చింది.

పెనుకొండకూ అలాంటి కథే ఉంది. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన విజయనగర రాజులు ఇక్కడికొచ్చే నిలదొక్కుకున్నారు.

2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో తొలి సెల్టోస్‌, 2023 జులైకల్లా పది లక్షల కార్లు! మధ్యలో 2022లో ఈ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది.

అన్నీ బాగానే ఉన్నాయి... మరి నీళ్లు? శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా పంపులు కృష్ణమ్మను మెట్టుమెట్టుగా ఎత్తి పోస్తే గొల్లపల్లి జలాశయం నిండుతుంది. ఫ్యాక్టరీకి నీళ్లు అక్కణ్నుంచే. పక్కనున్న మెట్ట చేలో వేరుశనగ రైతు మాత్రం మబ్బుకేసి చూస్తున్నాడు.