నాదర్‌గుల్ షట్టర్‌లో మూడు తరాల వాక్యూమ్‌లు

నాదర్‌గుల్‌లో దుమ్ముకు కొదవ లేదు. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్లు లేస్తున్నాయి, ఇసుక లారీలూ కంకర ట్రాక్టర్లూ తిరుగుతూనే ఉంటాయి. ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని వచ్చి, గుర్రంగూడ దగ్గర లోపలికి తిరిగితే ఈ ఊరు. ఎం.వి.ఎస్.ఆర్. ఇంజినీరింగ్ కాలేజీ, విమాన శిక్షణకు వాడే చిన్న ఎయిర్‌ఫీల్డ్ ఇక్కడివే. ఈ ఊళ్లో వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే మెకానిక్ ఉన్నాడంటే చూద్దామని వెళ్లాను.

తీరా చూస్తే అది మిక్సీలూ గ్రైండర్లూ బాగుచేసే దుకాణం. ఒకటే షట్టర్, లోపలంతా వైండింగ్ వార్నిష్ వాసన. వెనక గోడకు మాత్రం నిలువు వాక్యూమ్ క్లీనర్లు వరసగా ఆనించి ఉన్నాయి. అంటే చక్రాల మీద కూర్చుని గొట్టంతో లాగే రకం కాదు. పొడుగు హ్యాండిల్, అడుగున తిరిగే బ్రష్షు ఉన్నవి.

“ఇవన్నీ అమెరికావే సార్. పిల్లలు అక్కడ, తల్లిదండ్రులు ఇక్కడ. సామాన్లు సర్దుకొని వచ్చేటప్పుడు ఇవీ తెస్తరు,” అన్నాడు మెకానిక్.

మన దగ్గర ఈ రకం ఎందుకు వేళ్లూనుకోలేదో ఊహించడం కష్టం కాదు. 1982లో స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్‌తో కలిసి మొదలైన యురేకా ఫోర్బ్స్ ఇంటింటికీ మనుషులను పంపి అమ్మింది గొట్టం రకాన్నే. దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో టై కట్టుకొచ్చి, పరుపులోంచి దుమ్ము లాగి చూపించి వెళ్లిన ఆ కుర్రాళ్లు చాలామందికి గుర్తుండే ఉంటారు. ఆ మెషిన్లలో ఎన్ని అటకెక్కాయో లెక్క తీస్తే బాగుండును. నిలువు రకం పుట్టింది గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచే ఇళ్ల కోసం. మనవి షాబాద్ బండలు, తర్వాత మొజాయిక్, ఇప్పుడు టైల్స్.

మెకానిక్ అన్నిటికన్నా పాతదాన్ని బల్ల మీద తిరగేశాడు. హ్యాండిల్‌కు గుడ్డ సంచి, ఇనుప తల. నాలుగు స్క్రూలు విప్పగానే పొట్టంతా బయటపడింది. “ఇంతే సార్ లోపల. బెల్టు, బ్రష్షు, ఫ్యాను, మోటరు. మోటరు మిక్సీది ఏ జాతో ఇదీ ఆ జాతే. కార్బన్లు అరిగితే మారుస్త, బెల్టు తెగితే రాణిగంజ్ పోయి సైజు చూసి తెస్త.” ఫ్యాను రెక్క అంచు చిట్లి ఉంది. పాత నిలువు మెషిన్లలో దుమ్ము ముందు ఫ్యాను గుండా పోయి, ఆ తర్వాతే సంచిలో పడుతుంది. దారి చిన్నది కాబట్టి తక్కువ కరెంటుతోనే బోలెడు గాలి లాగుతుంది. కానీ కంకర ముక్క వస్తే రెక్కకే తగులుతుంది. స్విచ్ వేయగానే సంచి ఉబ్బి, గుడ్డ రంధ్రాల్లోంచి సన్నటి దుమ్ము మా మొహాల మీదికే వచ్చింది.

విచిత్రమేమిటంటే ఈ రకం మెషిన్‌ను మొదట కట్టినవాడు ఉబ్బసం రోగి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో, ఒక పెద్ద దుకాణం ఊడ్చే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ 1907లో ఫ్యాను మోటరుకు చీపురు కర్ర, దిండు గలీబు తగిలించి దీన్ని తయారుచేశాడు. 1908లో పేటెంట్ వచ్చింది, హక్కులు హూవర్ కుటుంబం చేతికి పోయాయి. దగ్గు తప్పించుకోవడానికి పుట్టిన యంత్రం దశాబ్దాల పాటు సన్నదుమ్మును గదిలోకే వదులుతూ వచ్చింది.

రెండోది సంచి లేనిది, పారదర్శకమైన డబ్బా ఉన్నది. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర పెద్ద గరాటుల్లాంటి సైక్లోన్లు చూసినవారికి దీని పని చెప్పక్కర్లేదు: గాలి గిర్రున తిరిగితే బరువున్న రేణువు గోడకు కొట్టుకొని కిందికి జారుతుంది. జేమ్స్ డైసన్ ఈ సూత్రాన్ని ఇంటి మెషిన్‌లోకి తేవడానికి 5,127 నమూనాలు చేశానని చెబుతాడు. బ్రిటన్‌లో ఆయన సొంత పేరుతో డీసీ01 మోడల్ అమ్మకానికి వచ్చింది 1993లో. ఈ తరంలో దుమ్ము డబ్బాలో ఆగి, వడకట్టిన గాలే మోటరుకు చేరుతుంది. హెపా ఫిల్టరు ఉన్నవైతే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపాలి. ఉబ్బసం ఉన్న ఇంటికి అసలైన ముందడుగు ఇదే, లాగుడు బలం కాదు.

“ఇవి చెడి రావు సార్, కడగక వస్తయ్,” అంటూ ఫిల్టరు తట్టి చూపించాడు. అట్టలా గట్టిపడిపోయింది.

మూడోది తీగ లేని సన్నటి కర్ర మెషిన్. మోటరుకు కార్బన్లే లేవు. మిక్సీ నిమిషానికి సుమారు 20 వేల చుట్లు తిరిగితే, 2018లో వచ్చిన డైసన్ వీ10 మోటరు 1,25,000 చుట్లు తిరుగుతుంది. దీన్ని మాత్రం విప్పనన్నాడు. “బ్యాటరీల సెల్ ఒక్కటి పోయినా మొత్తం పండుతది. విప్పితే మంట భయం. ఈ బోర్డు నాకు దొరకదు.”

నా కోరిక మీద బండ మీద గుప్పెడు బియ్యం, కొంచెం బూడిద పోశాడు. పాతదాని బ్రష్షు బూడిదను లాగి, బియ్యాన్ని షట్టర్ దాకా ఎగరగొట్టింది. బ్రష్షు ఆపే స్విచ్ ఉన్న రెండోది రెండింటినీ తీసింది. మెత్తటి రోలర్ ఉన్న కర్ర మెషిన్ చప్పుడు తక్కువగా, అన్నిటికన్నా శుభ్రంగా తుడిచింది. మన గచ్చుకు పనికొచ్చేది అదే, ఒప్పుకోవాలి. బాగుచేయడానికి లొంగనిదీ అదే.

వాట్లు చూసి మోసపోవద్దు. ఐరోపా సమాఖ్య 2014లో 1,600, 2017లో 900 వాట్లకు పరిమితి పెడితే కంపెనీలు అందులోనే ఇల్లు శుభ్రమయ్యేలా చేశాయి. వాట్లు తినే కరెంటును చెబుతాయి, తీసే దుమ్మును కాదు.

పిల్లలు అమెరికా నుంచి తెస్తామంటే ముందు లేబుల్ చదివించండి. 120 ఓల్టులు, 12 ఆంపియర్లు అని ఉంటే అది 1,440 వాట్ల మెషిన్. దానికి 2,000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మరిచిపోయి మన 230 ఓల్టుల ప్లగ్గులో పెడితే మోటరు మాడుతుంది. కర్ర మెషిన్ అయితే ఛార్జరు మీద 100–240 అని ఉందో లేదో చూడండి. ఇక్కడ కొంటే, బ్యాటరీ మన చేత్తో ఊడుతుందా, విడిగా అమ్ముతారా అని అడిగాకే డబ్బు కట్టండి.